భూమి పొరలు, ఖనిజాల ధర్మాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

భూమి లోపలి నిర్మాణాన్నీ ఖనిజాల ధర్మాలనీ పాఠ్యపుస్తకాలు సాధారణంగా రెండు వేర్వేరు అధ్యాయాలుగా చెబుతాయి. అందువల్ల ఒకదానిలో లోతుల పట్టిక, మరొకదానిలో కాఠిన్యాల పట్టిక కంఠస్థం చేయడంతోనే చదువు ముగిసిపోతుంది. నిజానికి ఏ లోతులో ఏ పొర ఉండాలో నిర్ణయించేది అక్కడి పదార్థమూ, అందులో పరమాణువులు అమరిన తీరూను. చేతిలోని ఖనిజం గట్టిదా మెత్తదా, బరువా తేలికా అన్నది నిర్ణయించేవి కూడా అవే. ఈ సంబంధం కనిపించేలా ప్రశ్నలను ఒకే వరుసలో పెట్టాం.

భూమిలో ఎన్ని పొరలు ఉన్నాయి? ఒక పుస్తకంలో మూడు అనీ మరొకదానిలో ఐదు అనీ ఎందుకు ఉంటుంది?

దేన్ని ప్రమాణంగా తీసుకుంటామన్న దాన్ని బట్టి లెక్క మారుతుంది. రెండు లెక్కలూ సరైనవే. రసాయన సంఘటనను, అంటే ఏ మూలకాలు ఎంతెంత ఉన్నాయన్న దాన్ని బట్టి చూస్తే పొరలు మూడు: పైన పలుచని భూపటలం, దాని కింద సుమారు 2,890 కిలోమీటర్ల లోతు వరకు ప్రావారం, అక్కడి నుంచి 6,371 కిలోమీటర్ల లోతున ఉన్న భూకేంద్రం వరకు ఇనుము, నికెల్ ప్రధానంగా గల కేంద్రమండలం. పరిమాణంలో ప్రావారానిదే పెద్ద వాటా, దాదాపు 84 శాతం. భూపటలం ఒక్క శాతం లోపే.

పదార్థం గట్టిగా ఉందా, మెత్తబడి నెమ్మదిగా సాగగలదా, పూర్తిగా ద్రవమేనా అని చూస్తే ఐదు పొరలు వస్తాయి. భూపటలమూ, దాని అడుగున అంటుకుని ఉన్న ప్రావారపు పైభాగమూ కలిసి గట్టి శిలావరణం అవుతాయి. దాని కింద వేడికి మెత్తబడిన ఆస్థెనోస్ఫియర్, ఆ తరువాత అధిక పీడనం వల్ల మళ్లీ గట్టిపడిన దిగువ ప్రావారం, 5,150 కిలోమీటర్ల లోతు వరకు ద్రవరూపంలోని బాహ్య కేంద్రమండలం, చివరగా సుమారు 1,220 కిలోమీటర్ల వ్యాసార్ధం గల ఘనరూప అంతర కేంద్రమండలం ఉంటాయి. ఈ తేడా తెలియకపోతే ఫలకాల, అంటే భూమి పైభాగాన్ని కప్పిన పెద్ద పలకల కదలిక గురించి చదివినప్పుడు కదిలేది భూపటలం ఒక్కటే అన్న అపోహ కలుగుతుంది. కదిలేది శిలావరణం మొత్తం.

ఖండాల కింద, సముద్రాల కింద భూపటలం ఒకేలా ఉంటుందా?

ఉండదు. ఖండాల కింద దాని మందం సగటున 35 నుంచి 40 కిలోమీటర్లు. హిమాలయాలు, టిబెట్ పీఠభూమి వంటి చోట్ల 70 కిలోమీటర్ల దాకా ఉంటుంది. సముద్రాల అడుగున అది 6, 7 కిలోమీటర్లకు మించడం అరుదు. ఖండ భూపటలం స్థూలంగా గ్రానైట్ వంటి తేలిక శిలలతో, సముద్ర భూపటలం బసాల్ట్ వంటి బరువైన శిలలతో ఏర్పడింది. మొదటిదాని సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 2.7 గ్రాములు, రెండోదానిది సుమారు 3 గ్రాములు.

చూడటానికి ఇది చిన్న తేడాలా అనిపిస్తుంది కానీ దీని ఫలితాలు చాలా పెద్దవి. రెండు ఫలకాలు ఎదురుపడినప్పుడు బరువైన సముద్ర ఫలకమే కిందికి దిగి ప్రావారంలో కలిసిపోతుంది, ఖండం పైనే మిగులుతుంది. అందుకే ఇప్పటి సముద్రాల అడుగున 20 కోట్ల సంవత్సరాల కంటే పాతదైన భూపటలం దాదాపుగా దొరకదు. ఖండాలలో మాత్రం 400 కోట్ల సంవత్సరాల నాటి శిలలు కూడా నిలిచి ఉన్నాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో దొరికిన జిర్కాన్ అనే ఖనిజపు రేణువులలో కొన్నింటి వయసు 440 కోట్ల సంవత్సరాలు.

అంత లోతుకు ఎవరూ వెళ్లలేదు కదా, ఇవన్నీ ఎలా తెలిశాయి?

మొదటి ఆధారం బరువు. 1798లో హెన్రీ కావెండిష్ సీసపు గోళాల మధ్య ఆకర్షణను కొలిచి, భూమి సగటు సాంద్రత నీటికి సుమారు 5.45 రెట్లు అని తేల్చాడు. నేటి విలువ 5.51. ఉపరితలంలోని శిలల సాంద్రత అందులో సగమే కాబట్టి, లోపల ఎక్కడో చాలా బరువైన పదార్థం ఉండి తీరాలి. ఉల్కలలో ఇనుము, నికెల్ మిశ్రమంతో తయారైనవి ఉండటం చూసి, ఆ బరువైన పదార్థం ఇనుమే కావచ్చునని పంతొమ్మిదో శతాబ్దం చివరికి శాస్త్రవేత్తలు ఊహించారు.

ఆ ఊహను నిర్ధారించినవి భూకంప తరంగాలు. పెద్ద భూకంపం వచ్చినప్పుడు తరంగాలు భూమి లోపలి గుండా ప్రయాణించి అవతలి వైపున ఉన్న భూకంప పరిశీలన కేంద్రాలలో నమోదవుతాయి. వాటిలో ముందుగా చేరే ప్రాథమిక తరంగాలు పదార్థాన్ని నొక్కుతూ వదులుతూ సాగుతాయి. ఘనంలోనూ ద్రవంలోనూ వెళ్లగలవు. తరువాత వచ్చే ద్వితీయ తరంగాలు పదార్థాన్ని అడ్డంగా ఊపుతూ సాగుతాయి. ఆకారం మారకుండా ప్రతిఘటించే శక్తి ద్రవానికి లేదు కాబట్టి అవి ద్రవంలో ప్రయాణించలేవు. ఏ తరంగం ఎంత సమయానికి వచ్చిందో, ఏది అసలే రాలేదో చూసి అది దాటి వచ్చిన పదార్థం ఎలాంటిదో లెక్కకట్టవచ్చు.

1906లో రిచర్డ్ ఓల్డ్‌హామ్ ఈ పద్ధతిలో భూమికి ప్రత్యేకమైన కేంద్రమండలం ఉందని చూపాడు. 1909లో క్రొయేషియాలో వచ్చిన భూకంపం నమోదులను పరిశీలించిన ఆండ్రియా మొహొరోవిచిచ్, కొంత లోతు దాటగానే తరంగాల వేగం ఒక్కసారిగా పెరుగుతోందని గమనించాడు. భూపటలానికీ ప్రావారానికీ మధ్య ఉన్న ఆ సరిహద్దును నేటికీ అతని పేరుతో మోహో అంటారు. ఆ తరువాత కొన్నేళ్లకు బెనో గుటెన్‌బర్గ్ కేంద్రమండలపు పై అంచు సుమారు 2,900 కిలోమీటర్ల లోతున ఉందని లెక్కగట్టాడు. ద్వితీయ తరంగాలు ఆ అంచును దాటడం లేదన్న విషయంతో పాటు ఇతర ఆధారాలనూ కలిపి 1926లో హరాల్డ్ జెఫ్రీస్ కేంద్రమండలం ద్రవమని వాదించాడు.

అలాంటప్పుడు మధ్యలో ఘనరూప కేంద్రం ఉందని ఎలా తెలిసింది?

ఇది డెన్మార్క్ శాస్త్రవేత్త ఇంగే లేమాన్ చేసిన పని. భూమి లోపలి గురించిన ఆవిష్కరణలలో దీనికి మించిన నిశితమైన పరిశీలన మరొకటి లేదని మా అభిప్రాయం. కేంద్రమండలం అంచు వద్ద ప్రాథమిక తరంగాలు బాగా వంగిపోవడం వల్ల, భూకంప స్థానం నుంచి (భూకేంద్రం వద్ద కొలిచిన కోణంలో) సుమారు 104 డిగ్రీలకూ 140 డిగ్రీలకూ మధ్య ఉన్న వలయంలో అవి నేరుగా చేరకూడదు. దీన్ని ఛాయా మండలం అంటారు. 1929లో న్యూజీలాండ్‌లో వచ్చిన పెద్ద భూకంపం తాలూకు నమోదులలో, ఈ నీడలో ఉన్న కేంద్రాల వద్ద కూడా బలహీనమైన తరంగాలు కనిపించాయి. వాటిని పొరపాట్లుగానో చెదిరిన తరంగాలుగానో కొట్టిపారేయడం సులువు. లేమాన్ అలా చేయలేదు. ద్రవం మధ్యలో తరంగ వేగం ఎక్కువగా ఉండే మరో గోళం ఉన్నట్లయితే, దాని మీద తగిలి మళ్లిన తరంగాలు సరిగ్గా ఆ వేళకు, ఆ చోటుకు చేరుతాయని గణించి 1936లో ప్రచురించారు. ఆ గోళం ఘనమేనని 1970ల ఆరంభంలో, పెద్ద భూకంపాల తరువాత భూమి మొత్తం కంపించే తీరును విశ్లేషించి నిర్ధారించారు.

మనుషులు ఎంత లోతు వరకు తవ్వగలిగారు?

రష్యాలోని కోలా ద్వీపకల్పంలో 1970లో మొదలుపెట్టిన బోరు 1989 నాటికి 12,262 మీటర్ల లోతుకు చేరింది. భూమి వ్యాసార్ధంలో ఇది 0.2 శాతం కూడా కాదు. మోహో దాకా కూడా వెళ్లలేదు. అక్కడ ఉష్ణోగ్రత అనుకున్న దానికంటే చాలా ఎక్కువగా, 180 డిగ్రీల సెల్సియస్ వరకు ఉండటంతో అంతకంటే ముందుకు సాగలేకపోయారు.

అయితే ప్రావారపు నమూనాలు మరో దారిలో పైకి వస్తూనే ఉన్నాయి. వజ్రాలు ఎక్కువగా 150 కిలోమీటర్లకు మించిన లోతులో ఏర్పడి, కింబర్లైట్ అనే శిలాద్రవంతో వేగంగా ఉపరితలానికి చేరతాయి. అవి తమ లోపల చిక్కుకున్న ఇతర ఖనిజాల సూక్ష్మ రేణువులను చెక్కుచెదరకుండా మోసుకువస్తాయి. 2014లో బ్రెజిల్‌కు చెందిన ఒక వజ్రంలో రింగ్‌వుడైట్ అనే ఖనిజపు రేణువును కనుగొన్నారు. అది 520 కిలోమీటర్లకు దిగువన మాత్రమే స్థిరంగా ఉండే ఖనిజం, పైగా దాని స్ఫటికంలో బరువులో ఒక శాతానికి పైగా నీరు ఇమిడి ఉంది.

ప్రావారం అంతా కరిగిన లావాయేనా?

కాదు. ఈ అపోహ ఎంత విస్తృతంగా ఉందంటే, చాలా బొమ్మలలో ప్రావారాన్ని ఎర్రటి ద్రవంగానే వేస్తారు. ద్వితీయ తరంగాలు ప్రావారం మొత్తం గుండా నిరాటంకంగా సాగుతున్నాయంటే అది ఘనమే. అయితే ఘనపదార్థం కూడా వేడిగా ఉండి, చాలాకాలం ఒత్తిడికి లోనైతే, స్ఫటికాలలోని లోపాలు జరుగుతూ రావడం వల్ల నెమ్మదిగా సాగుతుంది. హిమానీనదంలోని మంచు కూడా ఘనమే, అయినా అది కొండవాలు వెంట ప్రవహిస్తుంది. ప్రావారపు వేగం సంవత్సరానికి కొన్ని సెంటీమీటర్లు. ఖండాలను కదిలించడానికి అది చాలు.

అగ్నిపర్వతాల శిలాద్రవం ప్రావారంలో ప్రత్యేక పరిస్థితులున్న చోట మాత్రమే పుడుతుంది. వేడి శిల పైకి లేచినప్పుడు పీడనం తగ్గి దాని ద్రవీభవన స్థానం పడిపోతుంది. సముద్ర మధ్య పర్వతశ్రేణుల కింద జరిగేది ఇదే. కిందికి దిగే ఫలకం నుంచి విడుదలైన నీరు పై ప్రావారంలోకి చేరినప్పుడు కూడా ద్రవీభవన స్థానం తగ్గుతుంది. ఈ రెండు సందర్భాలలోనూ శిలలో కొద్ది శాతమే కరుగుతుంది.

లోపల అంత వేడి ఎక్కడి నుంచి వచ్చింది? అంత వేడిలోనూ అంతర కేంద్రమండలం ఎందుకు కరగలేదు?

భూమి ఏర్పడినప్పుడు ఢీకొన్న శకలాల శక్తి, ఇనుము లోపలికి మునిగినప్పుడు విడుదలైన శక్తి కొంత ఇంకా మిగిలి ఉంది. మిగతాది యురేనియం, థోరియం, పొటాషియం-40 అనే రేడియోధార్మిక మూలకాల విఘటన వల్ల నిరంతరం పుడుతూ ఉంటుంది. భూపటలంలో ప్రతి కిలోమీటరుకూ 25 నుంచి 30 డిగ్రీల చొప్పున ఉష్ణోగ్రత పెరుగుతుంది. ఇదే లెక్కను చివరి దాకా కొనసాగించకూడదు. ప్రావారం ప్రవహిస్తూ వేడిని మోసుకుపోతుంది కాబట్టి అక్కడ పెరుగుదల చాలా నెమ్మది. శిలావరణం అడుగున సుమారు 1,300 డిగ్రీలు, భూకేంద్రం వద్ద 5,000 నుంచి 6,000 డిగ్రీలు ఉంటాయని అంచనా.

భూకేంద్రం వద్ద పీడనం మనం పీల్చే గాలి పీడనానికి దాదాపు 36 లక్షల రెట్లు. అంత పీడనంలో ఇనుము ద్రవీభవన స్థానం అక్కడి ఉష్ణోగ్రతను మించిపోతుంది, అందువల్ల అది ఘనంగా ఉంటుంది. బాహ్య కేంద్రమండలంలో పీడనం కొంత తక్కువ. అక్కడి ఇనుములో గంధకం, ఆక్సిజన్, సిలికాన్ వంటి తేలిక మూలకాలు కలిసి ద్రవీభవన స్థానాన్ని మరింత తగ్గిస్తాయి. భూమి చల్లబడే కొద్దీ ద్రవ ఇనుము అంతర కేంద్రమండలం మీద స్ఫటికాలుగా చేరుతూనే ఉంది. అప్పుడు వెలువడే వేడి, వేరుపడే తేలిక మూలకాలు పైనున్న ద్రవాన్ని కదిలిస్తాయి. విద్యుద్వాహకమైన ఆ ద్రవ ఇనుము కదలిక వల్లనే భూమికి అయస్కాంత క్షేత్రం ఏర్పడుతోంది.

410, 660 కిలోమీటర్ల లోతులకు అంత ప్రాధాన్యం ఎందుకు?

పొరలకూ ఖనిజాలకూ ఉన్న సంబంధాన్ని ఇంతకంటే స్పష్టంగా చూపే చోటు మరొకటి లేదు. ఈ రెండు లోతుల వద్ద భూకంప తరంగాల వేగం ఉన్నట్టుండి పెరుగుతుంది. అక్కడ రసాయన సంఘటనలో చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు. మారేది పరమాణువుల అమరిక. పై ప్రావారంలో ప్రధాన ఖనిజం ఆలివిన్, అంటే మెగ్నీషియం, ఇనుము, సిలికాన్, ఆక్సిజన్ కలిసిన ఆకుపచ్చని స్ఫటికం. దాదాపు 410 కిలోమీటర్ల లోతున, గాలి పీడనానికి సుమారు 1.4 లక్షల రెట్ల పీడనం వద్ద, అవే పరమాణువులు మరింత దగ్గరగా సర్దుకుని వాడ్‌స్లేయైట్ అవుతాయి. ఇంకా లోతున రింగ్‌వుడైట్ అవుతాయి. 660 కిలోమీటర్ల వద్ద అది కూడా నిలవలేక బ్రిడ్జ్‌మనైట్, ఫెర్రోపెరిక్లేజ్ అనే రెండు ఖనిజాలుగా విడిపోతుంది.

పై మూడు రూపాలలోనూ ప్రతి సిలికాన్ పరమాణువు చుట్టూ నాలుగు ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. బ్రిడ్జ్‌మనైట్‌లో ఆరు ఉంటాయి. భూమిలో అత్యధికంగా ఉన్న ఖనిజం ఇదే, మొత్తం పరిమాణంలో మూడో వంతుకు పైగా. అయినా దీనికి 2014 వరకు అధికారికంగా పేరు లేదు, ఎందుకంటే సహజసిద్ధమైన నమూనా చేతికి వస్తే తప్ప ఖనిజానికి పేరు పెట్టరు. ఆస్ట్రేలియాలో 1879లో పడిన టెన్‌హామ్ ఉల్కలో అది దొరికిన తరువాతే, అధిక పీడన భౌతికశాస్త్రానికి 1946లో నోబెల్ బహుమతి పొందిన పెర్సీ బ్రిడ్జ్‌మన్ పేరు పెట్టారు.

ఖనిజం అంటే ఖచ్చితంగా ఏమిటి? శిలకూ ధాతువుకూ దానితో తేడా ఏమిటి?

సహజంగా ఏర్పడి, ఘనరూపంలో ఉండి, నిర్దిష్టమైన లేదా నిర్దిష్టమైన హద్దులలో మారే రసాయన సంఘటన కలిగి, పరమాణువులు క్రమబద్ధంగా అమరి ఉన్న అకర్బన పదార్థమే ఖనిజం. శిల అంటే ఖనిజాల సముదాయం: గ్రానైట్‌లో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, అభ్రకం వేర్వేరు రేణువులుగా కంటికే కనిపిస్తాయి. లోహాన్ని లాభసాటిగా వెలికితీయగలిగినంత మోతాదులో ఉన్న ఖనిజ నిక్షేపం ధాతువు. కాబట్టి ధాతువు అన్న మాటలో ఆర్థిక లెక్క కూడా ఉంది. ఈ రోజు ధాతువు కానిది రేపు కావచ్చు.

మంచు, బొగ్గు, ముత్యం, పాదరసం ఖనిజాలేనా?

సహజంగా ఏర్పడిన మంచు ఖనిజమే, నీరు కాదు. బొగ్గు వృక్ష అవశేషాల నుంచి వచ్చింది, దానికి స్థిరమైన సంఘటన గానీ స్ఫటిక నిర్మాణం గానీ లేవు, కనుక అది ఖనిజం కాదు. ముత్యం జీవి తయారుచేసినది కాబట్టి కఠిన నిర్వచనం ప్రకారం ఖనిజాల జాబితాలోకి రాదు, దానిలోని ఆరగనైట్ ప్రకృతిలో విడిగా ఖనిజంగా దొరికినా సరే. పాదరసం ద్రవమైనా సంప్రదాయంగా ఖనిజంగా అంగీకరించారు.

మొత్తం ఎన్ని ఖనిజాలు ఉన్నాయి?

అంతర్జాతీయ ఖనిజశాస్త్ర సంఘం గుర్తించినవి సుమారు 6,000. వాటిలో చాలావరకు అత్యంత అరుదైనవి. భూపటలపు బరువులో ఆక్సిజన్ సుమారు 46 శాతం, సిలికాన్ 28 శాతం కావడం వల్ల, అందులో 90 శాతానికి పైగా సిలికేట్ ఖనిజాలే. ఫెల్డ్‌స్పార్‌లు ఒక్కటే సగానికి పైగా ఉంటాయి. ఇరవై, ముప్పై ఖనిజాలను బాగా గుర్తుపట్టడం నేర్చుకుంటే ఎదురయ్యే శిలలలో చాలావాటిని చదవగలుగుతారు.

రంగు చూసి ఖనిజాన్ని గుర్తుపట్టవచ్చా?

రంగు అన్నింటికంటే ముందు కనిపించే ధర్మం, అన్నింటికంటే తక్కువగా నమ్మదగిన ధర్మం కూడా. స్వచ్ఛమైన క్వార్ట్జ్‌కు రంగు లేదు. అందులో అతి కొద్దిగా ఇనుము ఉండి సహజ వికిరణం సోకితే ఊదారంగు అమెథిస్ట్ అవుతుంది. కోరండంలో కొంచెం క్రోమియం చేరితే కెంపు, ఇనుము, టైటానియం చేరితే నీలం. మాలకైట్ ఆకుపచ్చ, అజురైట్ నీలి రంగు వంటివి మాత్రం ఆ ఖనిజపు సంఘటనలోనే భాగమైన రాగి వల్ల వచ్చేవి కాబట్టి మారవు.

అందుకే గీత పరీక్ష అవసరం. మెరుపు పూత లేని తెల్లని పింగాణీ పలక మీద ఖనిజాన్ని గట్టిగా రాస్తే పడే పొడి రంగును చూడాలి. ఉక్కులా నల్లగా మెరిసే హెమటైట్ ముక్కను తీసుకుని ఆ పలక మీద గీయండి: రాయి నల్లగానే ఉంటుంది, గీత మాత్రం ఎండిన నెత్తుటి రంగులో పడుతుంది. అచ్చం అలాగే కనిపించే మాగ్నటైట్ గీత నల్లగా ఉంటుంది. బంగారంలా మెరిసే పైరైట్ ఆకుపచ్చ ఛాయ గల నల్లని గీత వేస్తుంది. అసలు బంగారం పసుపు గీతే వేస్తుంది. పింగాణీ పలక కాఠిన్యం (తరువాతి ప్రశ్నలో వివరించిన 1 నుంచి 10 వరకు గల మోస్ మాపనంలో) దాదాపు 7 కాబట్టి అంతకంటే గట్టి ఖనిజాలు పొడి కాకుండా పలకనే గీస్తాయి. వాటికి ఈ పరీక్ష పనికిరాదు.

మోస్ కాఠిన్య మాపనంలోని అంకెల అర్థం ఏమిటి?

1812లో ఫ్రీడ్రిష్ మోస్ పది ఖనిజాలను, ప్రతిదీ తన ముందున్న దాన్ని గీయగలిగేలా వరుసలో పెట్టాడు: టాల్క్, జిప్సం, కాల్సైట్, ఫ్లోరైట్, అపటైట్, ఆర్థోక్లేజ్ ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్, టోపాజ్, కోరండం, వజ్రం. ఈ అంకెలు వరుసను మాత్రమే చెబుతాయి, పరిమాణాన్ని కాదు. 9కీ 10కీ మధ్య తేడా ఒకటే అయినా, నిరపేక్షంగా కొలిస్తే వజ్రం కోరండం కంటే సుమారు నాలుగు రెట్లు కఠినం.

పరీక్షకు పెద్ద పరికరాలు అక్కర్లేదు. గోరు కాఠిన్యం సుమారు 2.5, రాగి సుమారు 3, మామూలు గాజు, చాకు మొన సుమారు 5.5. తెల్లని రాయి గాజు మీద గీత పెడితే అది పలుగురాయి, అంటే క్వార్ట్జ్ అయ్యే అవకాశం ఉంది, కాల్సైట్ మాత్రం కాదు. గీసిన తరువాత వేలితో తుడిచి చూడటం తప్పనిసరి. గీతలా కనిపించింది మెత్తని ఖనిజం రాలిన పొడే అయితే తుడిచినప్పుడు పోతుంది. నిజమైన గీత అయితే గోటికి గాడి తగులుతుంది. అలాగే, వాతావరణానికి కుళ్లిన ఉపరితలం మీద కాకుండా తాజాగా పగిలిన ముఖం మీదే పరీక్షించాలి.

వజ్రం అన్నింటికంటే కఠినమైతే, సుత్తితో కొడితే పగులుతుందా?

పగులుతుంది. గీతను తట్టుకోవడం వేరు, దెబ్బను తట్టుకోవడం వేరు. వజ్రంలో ప్రతి కార్బన్ పరమాణువు చుట్టూ ఉన్న నాలుగు పరమాణువులతో బలమైన బంధాలు ఉండటం వల్ల దాన్ని గీయడం చాలా కష్టమవుతుంది; కానీ అదే అమరికలో కొన్ని దిశల వెంట బంధాల సాంద్రత తక్కువగా ఉండటం వల్ల ఆ దిశలలో దెబ్బ తగిలితే నునుపుగా చీలుతుంది. అదే కార్బన్ గ్రాఫైట్‌లో పలకలు పలకలుగా అమరుతుంది. ఒక్కో పలకలోని బంధాలు బలమైనవే, పలకల మధ్య పట్టు మాత్రం బలహీనం. అందుకే అది వేళ్లకు అంటుకునేంత మెత్తన.

ఖనిజాలు పగిలే తీరులో తేడా ఎందుకు ఉంటుంది?

బంధాలు బలహీనంగా ఉన్న సమతలాల వెంట నునుపుగా విడిపోవడాన్ని విదళనం అంటారు. అభ్రకంలో అలాంటి దిశ ఒక్కటే, కాబట్టి అది పలుచని రేకులుగా ఊడుతుంది. ఫెల్డ్‌స్పార్‌లో దాదాపు లంబంగా ఉండే రెండు దిశలు. రాతి ఉప్పులో పరస్పరం లంబంగా మూడు దిశలు ఉండటం వల్ల ఎంత చిన్న ముక్క చేసినా ఘనాలే వస్తాయి. కాల్సైట్‌లోనూ మూడు దిశలే, కానీ కోణాలు సుమారు 75, 105 డిగ్రీలు. అందుకని ముక్కలన్నీ ఒక పక్కకు ఒరిగిన పెట్టెల్లా ఉంటాయి. క్వార్ట్జ్‌లో బంధాలు అన్ని దిశలలోనూ ఇంచుమించు సమాన బలంతో ఉంటాయి కాబట్టి దానికి విదళనం ఉండదు. అది గాజులాగే వంపు తిరిగిన ముఖాలతో పగులుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం: స్ఫటికం పెరిగినప్పుడు ఏర్పడిన ముఖాలు వేరు, పగిలినప్పుడు ఏర్పడే ముఖాలు వేరు. క్వార్ట్జ్ స్ఫటికం ఆరు పలకల స్తంభంలా పెరుగుతుంది కానీ ఆ పలకల వెంట పగలదు.

మెరుపును ఎలా వర్ణిస్తారు?

ముందుగా లోహపు మెరుపా కాదా అని విడదీస్తారు. పైరైట్, గాలెనా లోహంలా మెరుస్తాయి. మిగిలినవాటిలో క్వార్ట్జ్‌ది గాజు మెరుపు, టాల్క్‌ది ముత్యపు మెరుపు, నార జిప్సంది పట్టు మెరుపు, వజ్రానిది దానికే ప్రత్యేకమైన వజ్రకాంతి.

చిన్న రాయి బరువును బట్టి ఏమి చెప్పగలం?

చాలా చెప్పగలం, కానీ చూడవలసింది ఒట్టి బరువు కాదు, అదే పరిమాణం గల నీటితో పోల్చిన బరువు. రాయిని దారంతో కట్టి త్రాసుకు వేలాడదీసి ముందు గాలిలో తూచాలి, తరువాత పూర్తిగా నీటిలో మునిగి ఉండగా, అడుగుకు తగలకుండా తూచాలి. గాలిలో 53 గ్రాములు, నీటిలో 33 గ్రాములు వచ్చిందనుకుందాం. తేడా 20 గ్రాములు. 53ని 20తో భాగిస్తే 2.65. అది క్వార్ట్జ్ విలువ. కాల్సైట్‌ది 2.71, హెమటైట్‌ది సుమారు 5.3, గాలెనాది 7.5, స్వచ్ఛమైన బంగారానిది 19.3. తెల్లగా, మెత్తగా ఉండి చేతిలోకి తీసుకోగానే అనుకున్న దానికంటే బరువనిపించే రాయి ముగ్గురాయి, అంటే బెరైట్ కావచ్చు. దాని విలువ 4.5, అందులోని బేరియం పరమాణువుల బరువే దానికి కారణం.

కొన్ని ఖనిజాలకు మాత్రమే ఉండే ప్రత్యేక ధర్మాలు ఏవి?

కాల్సైట్ మీద ఒక చుక్క సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేయగానే కార్బన్ డయాక్సైడ్ బుడగలతో పొంగుతుంది. డోలమైట్‌ను పొడి చేస్తే తప్ప అంతగా పొంగదు. పారదర్శకమైన కాల్సైట్ ముక్కను అక్షరాల మీద పెడితే ప్రతి అక్షరం రెండుగా కనిపిస్తుంది. దీన్ని 1669లో రాస్మస్ బార్తొలిన్ వర్ణించాడు. మాగ్నటైట్ అయస్కాంతానికి అంటుకుంటుంది. కొన్ని ఫ్లోరైట్‌లు అతినీలలోహిత కాంతిలో వెలుగుతాయి. క్వార్ట్జ్‌ను నొక్కితే విద్యుదావేశం పుడుతుందని 1880లో జాక్, పియర్ క్యూరీ సోదరులు కనుగొన్నారు. ఈ ధర్మం ఆధారంగానే గడియారాలలోని క్వార్ట్జ్ ముక్క సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది.

రాతి ఉప్పును రుచితో గుర్తించవచ్చని కొన్ని పుస్తకాలలో ఉంటుంది. తెలియని ఖనిజాన్ని నాలుకకు తాకించవద్దని గట్టిగా చెబుతున్నాం. సీసం, ఆర్సెనిక్, పాదరసం గల ఖనిజాలు విషపూరితమైనవి.

తెలియని నమూనా దొరికితే ఏ వరుసలో పరీక్షించాలి?

తాజా ముఖం ఒకటి చూసుకుని ముందు మెరుపు, తరువాత కాఠిన్యం, గీత, విదళనం, సాపేక్ష బరువు చూడటం మంచిది. ఆమ్లం, అయస్కాంతం చివరన. ఏ ఒక్క ధర్మంతోనూ నిర్ణయానికి రాకూడదు. రెండు, మూడు ధర్మాలు ఒకే ఖనిజాన్ని సూచించినప్పుడు, మిగతావాటిలో ఏదైనా దానికి విరుద్ధంగా ఉందా అని వెతకాలి. ఈ అలవాటు లేకనే చాలా నమూనాలకు తప్పు పేర్లు పడుతుంటాయి.

ప్రయోగశాలలో ఇంకా ఏమి చేస్తారు?

1912లో మాక్స్ ఫాన్ లౌయే బృందం స్ఫటికాల గుండా ఎక్స్ కిరణాలు వివర్తనం చెందుతాయని, అంటే పరమాణువుల వరుసల వల్ల నిర్దిష్ట దిశలలోకి మళ్లుతాయని చూపింది. మరుసటి సంవత్సరమే విలియం హెన్రీ బ్రాగ్, విలియం లారెన్స్ బ్రాగ్ అనే తండ్రీకొడుకులు ఆ పద్ధతితో రాతి ఉప్పులోని పరమాణువుల అమరికను తేల్చారు. అప్పటి నుంచి ఖనిజాన్ని గుర్తించడమంటే దాని అమరికను కొలవడమే అయింది.

లోతైన పొరలను అర్థం చేసుకోవడానికి కూడా ఇదే పద్ధతి వాడతారు. రెండు వజ్రాల మొనల మధ్య ఇసుక రేణువు కంటే చిన్న నమూనాను పెట్టి బిగిస్తారు. వజ్రం అత్యంత కఠినం కాబట్టి లక్షల రెట్ల గాలి పీడనాన్ని తట్టుకుంటుంది. పారదర్శకం కాబట్టి దాని గుండా లేజర్ కాంతిని పంపి నమూనాను వేల డిగ్రీలకు వేడిచేయవచ్చు, ఎక్స్ కిరణాలను పంపి లోపలి అమరికను చూడవచ్చు. 2004లో జపాన్ శాస్త్రవేత్తలు ఇలా గాలి పీడనానికి 12 లక్షల రెట్ల పీడనం వద్ద బ్రిడ్జ్‌మనైట్ మరో అమరికలోకి మారుతుందని కనుగొన్నారు. ఆ పీడనం సుమారు 2,700 కిలోమీటర్ల లోతుకు సరిపోతుంది. ప్రావారపు అట్టడుగున భూకంప తరంగాలు వింతగా ప్రవర్తించే పొర ఒకటి ఉందని అంతకు చాలా ముందు నుంచే తెలుసు. దానికి కారణం ఈ ఖనిజపు మార్పే కావచ్చునన్న వివరణ ఆ ప్రయోగంతో లభించింది.